రెండో పొర

పళ్ళ డాక్టరు ఆమె దవడ పక్కన దూది కుక్కి, డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడో లేదో, గోడ మీది స్పీకర్లో ఆమె గొంతు మొదలైంది.

ఆమె గొంతే. అనుమానం లేదు. గాజుముక్క మీద ఎండ పడ్డట్టు తళుక్కుమనే ఆ గొంతును ఈ దేశంలో ఆటో తోలేవాళ్ళ దగ్గర్నుంచి జడ్జీల దాకా గుర్తుపడతారు. కాని ఆ పల్లవి ఆమెకు తెలియదు. బాణీ తెలియదు. ఆ పాట ఆమె ఎప్పుడూ పాడలేదు.

"నిన్నట్నించీ ఎక్కడ చూసినా ఇదే మోత మేడమ్!" అన్నాడు డాక్టరు హుషారుగా. "మా ఆవిడైతే ఏడ్చేసింది. పిట్ట గొంతు మళ్ళీ వచ్చేసిందండీ అని. ఇంకాస్త తెరవండి."

"ఆఁ... ఆఁ..." అంది ఆమె.

"నొప్పా?"

నొప్పే. పంటిది మాత్రం కాదు.

డాక్టరు పాటతో పాటు కూనిరాగం తీస్తూ పన్ను చెక్కాడు. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, తను పాడని పాటను తన గొంతులో చివరిదాకా వింది. దూది తీసెయ్యగానే లేచి, సగం తిమ్మిరెక్కిన మూతితో, "ఇది ఎవరు పాడారు?" అంది.

డాక్టరు నవ్వాడు. "భలేవారే!"

* * *

ఆమెను జనం పిట్ట అంటారు. ఇరవై ఏడేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళ వయసులో మొదటి పాట పాడిన వారానికే పాటల కంపెనీ అప్పటి చైర్మన్ ఆ పేరు పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, ఆ పేరును కంపెనీ ఆస్తిగా రిజిస్టరు చేయించుకున్నాడు. ఆ తర్వాత పదకొండు ఆల్బమ్‌లు వచ్చాయి. బస్సుల మీదా, షాంపూ సీసాల మీదా, పిల్లల నోటుపుస్తకాల అట్టల మీదా ఆమె ముఖమే. ఆమె నుదుటి మీద జుట్టు కత్తిరించుకుంటే సగం దేశం ఆడపిల్లల నుదుళ్ళు కనపడకుండా పోయాయి.

నలభై రెండో ఏట, ఒక స్టేడియంలో, అందరూ ఎదురుచూసే పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. పదకొండు సెకన్ల వీడియో. దాన్ని జనం ఫోన్లలో రింగుటోనుగా పెట్టుకున్నారు. మరుసటి ఏడాది గొంతుకు ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పాక మొదటిసారి కాఫీ అడిగితే, నర్సు వెనక్కి తిరిగి ఏ మగాడు మాట్లాడాడా అని చూసింది.

అంతటితో పిట్ట పని అయిపోయిందనుకున్నారు. పిట్ట అనుకోలేదు. రెండేళ్ళుగా వారానికి మూడు మధ్యాహ్నాలు ఒక టైర్ల షాపు వెనక షెడ్డులో పాడుతోంది. బాస్ గిటారు ఫిజిక్స్ మాస్టారు వాయిస్తాడు, డ్రమ్ములు టైర్ల షాపాయన వాయిస్తాడు. కొత్త గొంతు లోతుగా, గరగరలాడుతూ, రాళ్ళ మీద ఈడ్చిన ఇనప పెట్టెలా ఉంటుంది. ఆ గొంతు కోసమే ఎనిమిది పాటలు కట్టుకుంది. వచ్చే నెల ఎనిమిదో తారీఖున రెండొందల కుర్చీలున్న చిన్న హాల్లో వాటిని మొదటిసారి పాడబోతోంది.

ఇప్పుడేమో ఎవరో ఆమె పాత గొంతును లేపి తెచ్చి కూర్చోబెట్టారు.

* * *

కంపెనీ ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. వరండాలో తన పాత పోస్టర్లు మళ్ళీ వేలాడుతున్నాయి. ఈమధ్యే హడావిడిగా తగిలించినట్టున్నారు, పాత మేకు గుర్తులు పక్కనే కనిపిస్తున్నాయి.

మేనేజరు గదిలో ఆమె అక్క మొగుడు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు స్టూడియోలో వైర్లు చుట్టే కుర్రాడు. పిట్టతో పాటే పైకొచ్చి ఆమెకు మేనేజరయ్యాడు, ఆమె దిగిపోయాక కంపెనీలోనే మిగిలాడు.

"రా మరదలా! విన్నావా? అదిరింది కదూ?"

"ఎవరిది బావా ఆ పాట?"

"నీదే."

"నేను పాడలేదు."

"పాడక్కర్లేదమ్మా, అదే గదా దాని గొప్పతనం! పాత టేపులన్నీ మెషీన్‌కి వినిపించాం. అది నీ గొంతు నేర్చేసుకుంది. ఇక నీకు జలుబు చేసినా, జ్వరమొచ్చినా పాట ఆగదు."

"నేను చచ్చినా ఆగదన్నమాట."

"అబ్బ, నీ నోటికి ఆపరేషన్ చెయ్యాల్సింది!" అంటూ బావ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

మూడేళ్ళ కిందటిది. ఆపరేషన్ థియేటర్ బయట, స్ట్రెచరు మీద పడుకుని ఉండగా పెట్టిన సంతకం. ఇరవై ఏళ్ళుగా బావ ఏ కాగితం పెట్టినా ఆమె ఎక్కడ సంతకం అని తప్ప ఏమిటిది అని అడగలేదు. వంటగట్టు మీద, కారు బానెట్ మీద, ఆఖరికి స్ట్రెచరు మీద కూడా.

ఇప్పుడు చదివింది. రికార్డుల్లో వినిపించే పిట్ట గొంతు తనదేనని, దానితో కంపెనీ ఎన్ని కొత్త పాటలైనా చేసుకోవచ్చని, పదేళ్ళపాటు కంపెనీ అనుమతి లేకుండా తను ఎక్కడా బహిరంగంగా పాడనని అందులో ఉంది.

"ఎనిమిదో తారీఖుకి ఏదో హాలు తీసుకున్నావట. మానుకో" అన్నాడు బావ మెత్తగా. "ఈ ఆదివారం ఇండోర్ స్టేడియంలో మన కొత్త ఆల్బమ్ విడుదల. నువ్వు స్టేజి మీద నిలబడి పెదాలాడిస్తే చాలు. జనం నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

"ఆడించకపోతే?"

"ఆ గరగరతో ఎక్కడైనా నోరు తెరిచావంటే చైర్మన్ కోర్టుకీడుస్తాడు. ఏడేళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. ఏడేళ్ళకి నీకు యాభై మూడు. నేను నీ మంచికే చెప్తున్నా."

"నువ్వు చేసిన మంచి చాల్లే బావా. పొట్ట నిండిపోయింది" అని ఆమె కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని లేచింది.

మెట్లు దిగుతూ లెక్క వేసుకుంది. నిజమే, కోర్టుకెళ్తే ఓడిపోతుంది. సంతకం తనది, గొంతూ తనదే.

మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. గొంతు తనదేనా?

* * *

పాత రోజుల్లో ఆమె పాటలన్నీ రికార్డు చేసినాయన ఇప్పుడు ఒక సందులో వినికిడి మెషీన్లు బాగుచేసే చిన్న షాపు నడుపుతున్నాడు. పాతికేళ్ళుగా అందరూ ఆయన్ని చెవులాయన అంటారు. పక్క గదిలో ఈగ వాలితే ఏ గోడ మీద వాలిందో చెప్పగలడని పేరు.

"బాబాయ్, ఒక పాట వినాలి."

"తెలుసమ్మడూ. పొద్దున్నే విన్నా. నువ్వెప్పుడొస్తావా అని చూస్తున్నా." ఆయన హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించి, పాట పెట్టి, వేలెత్తాడు. "లైను చివర చూడు. ఇదిగో... ఇక్కడ."

ప్రతి లైను చివరా గొంతు చటుక్కున తెగిపోకుండా, సన్నగా కిందికి వంగి, ఎవరో తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నట్టు ఆగుతోంది.

"నువ్వు లైనుని కత్తిరించినట్టు ఆపేస్తావు. చిన్నప్పట్నించీ అంతే. ఆ వంపు నీది కాదు" అన్నాడాయన. "ఎవరిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. మొదటి ఆల్బమ్ నాటికి ఆమె గొంతు మెరుపే కాని మరీ పల్చన. అందుకని ఒకే లైనును రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరిచేవారు. అప్పుడే గొంతు నిండుగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో అందరూ చేసే పనే. కాని రెండోసారికి ఆమె గొంతు అలిసిపోయేది. తోడుగా వచ్చి మూల కుర్చీలో కూర్చునే అక్క, "నేను పాడనా?" అంది ఒకరోజు. పాడింది. రెండు గొంతులూ అక్కాచెల్లెళ్ళవి, అతుకు కనపడలేదు. పదకొండు ఆల్బమ్‌లలోనూ రెండో పొర అక్కదే. పాత చైర్మన్ మాత్రం ఒకే మాట చెప్పాడు. ఒక పిల్ల, ఒక గొంతు. బయటికి పొక్కితే అందరి పనీ అంతే.

"విడివిడి టేపులుంటే మెషీన్‌కి నీ పొర ఒక్కటే ఇచ్చేవాళ్ళు" అన్నాడు చెవులాయన. "కాని అప్పట్లో టేపు దొరికేది కాదుగా. పొరలు కలిపేశాక విడి టేపుల మీద వేరే పాటలు రికార్డు చేసేవాళ్ళం. కలిపిన టేపే మిగిలింది. మెషీన్ పాపం అమాయకురాలు, ఇద్దర్నీ ఒక్కరే అనుకుని నేర్చుకుంది. పాత పాటల్లో ఆ వంపుని నేను నొక్కేసేవాణ్ణి. దీనికా తెలివి లేదు, మైకు పెట్టి మరీ వినిపిస్తోంది."

"కొత్త చైర్మన్‌కి తెలుసా?"

"వాళ్ళ నాన్నతోనే పోయింది ఆ రహస్యం. మీ బావకి తెలుసు."

"తెలిసీ అక్క సంతకం ఎందుకు తీసుకోలేదు?"

చెవులాయన నవ్వాడు. "పెళ్ళాం గొంతుకి సంతకం కావాలని ఆ మనిషికి తట్టుంటుందా, అమ్మడూ?"

* * *

అక్క స్కూలు యూనిఫాంలు కుట్టించే షెడ్డు నడుపుతోంది. పన్నెండు కుట్టుమిషన్లు. చెల్లెలు గుమ్మంలో నిలబడితే ఆవిడ తలెత్తకుండా, "ఎవరైనా పోయారా?" అంది.

"అదేం మాటక్కా?"

"ఎనిమిదేళ్ళ తర్వాత గడప తొక్కావు. మరేం అనుకోమంటావు?"

పిట్ట స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి చెవులాయన దాకా. అక్క చొక్కా కాలరు కుడుతూనే వింది. బావ సంగతి వచ్చినప్పుడు మాత్రం సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"నువ్వు చెప్తే చాలక్కా. ఆ గొంతులో సగం నాదీ, నేను సంతకం చెయ్యలేదు అని ఒక్క మాట."

"ఎందుకు చెప్పాలి?"

"లేకపోతే ఏడేళ్ళు నేను పాడలేను."

"నేను ఇరవై ఏడేళ్ళనించీ పాడినట్టే లెక్కలేదు. బతికే ఉన్నాగా?" అక్క ఈసారి తలెత్తింది. "ఆ పెద్ద అవార్డు ఇచ్చినప్పుడు నువ్వు స్టేజి మీద ఎవరెవరికి థాంక్స్ చెప్పావో గుర్తుందా చిన్నీ? జుట్టు దువ్వే పిల్లకి చెప్పావు. డ్రైవరుకి చెప్పావు. నీ కుక్కకి చెప్పావు. పేరుతో సహా!"

ఆ రోజు అక్క ముందు వరసలోనే కూర్చుంది.

"ఇప్పుడు నీకు అవసరమొచ్చింది కాబట్టి నా గొంతు గుర్తొచ్చింది" అంది అక్క. "వకీలుకి చూపించడానికి ఒక కాగితంలా. అంతేగా?"

అంతే. ఆమె వచ్చింది అందుకే. ఆ మాట ఎవరో చెంప మీద కొట్టి చెప్పినట్టయింది.

పిట్ట స్టూలు వెనక్కి నెట్టింది.

"నువ్వు ఏమీ చెప్పొద్దు" అంది పిట్ట లేస్తూ. "నేనే చెప్తా. ఆదివారం, అందరి ముందు. నువ్వు రాకపోయినా చెప్తా."

"చెప్తే నీ పరువేమవుతుందో తెలుసా? ఇన్నేళ్ళూ దొంగపాట పాడింది అంటారు. రెండో రింగుటోను పెట్టుకుంటారు."

"పెట్టుకోనీ. ఈసారి వాళ్ళకి నచ్చింది కాదు, నేను ఇచ్చింది పెట్టుకుంటారు."

అక్క మళ్ళీ కాలరు మీదికి వంగింది. "వస్తానని మాత్రం అనుకోకు. సోమవారానికి నాలుగొందల చొక్కాలు అప్పజెప్పాలి."

* * *

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇండోర్ స్టేడియం కిక్కిరిసి ఉంది. ఐదువేల మంది. సగం మంది ఆమె వయసు వాళ్ళు, సగం మంది వాళ్ళ పిల్లలు.

పెదాలాడించే కార్యక్రమాల్లో ఒక పద్ధతి ఉంది. గాయని చేతిలో పెట్టే మైకు ఉత్త బొమ్మ. అందులో దగ్గినా, తుమ్మినా, తిట్టినా బయటికి రాదు. స్టేజి మీద ప్రాణమున్న మైకు యాంకరమ్మ చేతిలోది ఒక్కటే. ఇరవై ఏళ్ళు స్టేజీల మీద బతికిన పిట్టకు ఇది తెలియంది కాదు. అందుకే బావ పెట్టిన షరతులన్నిటికీ ఆ నాలుగు రోజులూ బుద్ధిగా తలూపింది.

"మన పిట్ట తిరిగొచ్చింది!" అని యాంకరమ్మ అరిచింది. హాలు కప్పు లేచిపోయింది. "పాటకి ముందు అభిమానులకి ఒక్క మాట, మేడమ్!" అంటూ తన మైకును ఆమె మూతి ముందు పెట్టింది.

పిట్ట ఆ మైకును తీసేసుకుంది. తన చేతిలోని బొమ్మ మైకును యాంకరమ్మ చేతిలో పెట్టింది.

"ఒక్క మాట కాదు, కాస్త ఎక్కువే ఉంది" అంది. లోతైన, గరుకు గొంతు. హాల్లో కేకలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. "నా అసలు గొంతు ఇది. మూడేళ్ళనించీ ఇదే. రేడియోలో మీరు వింటున్న కొత్త పాట నేను పాడలేదు. ఒక మెషీన్ పాడింది."

పక్క తెరల చాటున బావ రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు. అతని వెనక సూటు వేసుకున్న చైర్మన్ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఇంకో సంగతి. మీరు ప్రేమించిన పిట్ట గొంతు నా ఒక్కదానిది కాదు. పదకొండు ఆల్బమ్‌లలోనూ నా గొంతు కింద మా అక్క గొంతుంది. ఆవిడ పేరు ఏ అట్ట మీదా వెయ్యలేదు. కంపెనీ వెయ్యొద్దంది. నేను వెయ్యమనలేదు. ఆ తప్పు కంపెనీది సగం, నాది సగం."

"దొంగా!" అని ఎవరో అరిచారు. ఎవరో చెప్పు విసిరారు. అది స్టేజి అంచు దాకా కూడా రాలేదు.

"పాట వెయ్యండిరా!" అని చైర్మన్ కేక పెట్టాడు. ఆమె మాట మునిగిపోయేలా కొత్త పాట హోరెత్తింది.

అది అతను చేసిన తప్పు.

"వినండి!" అని పిట్ట పాటకు పైన అరిచింది. "లైను చివర వినండి! వంగుతోందే, అదిగో... అది మా అక్క!"

ఐదువేల మంది చెవులు రిక్కించారు. రెండో లైను చివర ఆ వంపు వచ్చింది. మూడో లైనుకు ఇంకా స్పష్టంగా వచ్చింది. నాలుగో లైను చివర మాత్రం ఆ వంపు స్పీకర్లలోంచి ఒకసారి, జనంలోంచి ఒకసారి వినిపించింది.

పక్క ద్వారం దగ్గర, మెడలో కొలత టేపుతోనే వచ్చేసిన ఒక ఆవిడ నిలబడి పాడుతోంది. పిట్ట స్టేజి దిగి పరిగెత్తి మైకు ఆవిడ ముందు పెట్టింది. ఐదో లైనుకు రెండు గొంతులూ కలిశాయి, మెషీన్‌దీ, అక్కదీ. ఎక్కడా అతుకు లేదు. హాల్లో చిన్నపాటి గాలివాన పుట్టింది.

సౌండు కుర్రాళ్ళు ఎవరూ చెప్పకుండానే పాట ఆపేశారు.

* * *

తెరల వెనక చైర్మన్ ఊగిపోయాడు. "మీ మీద కేసు పెడతాను! జీవితంలో మళ్ళీ పాడకుండా చేస్తాను!"

"ముందు నాతో మాట్లాడండి సార్" అంది అక్క. "ఆ పాటలో సగం నాది. నేను సంతకం చేసిన కాగితం ఒక్కటి చూపించండి."

చైర్మన్ బావ వైపు తిరిగాడు. బావ నసిగాడు. "ఇంట్లో మనిషేగా సార్... అడిగితే కాదంటుందా అని..."

"అడిగారా ఏమండీ?" అంది అక్క.

బావ కింద పడున్న వైరు చుట్టడం మొదలెట్టాడు.

"కొత్త పాట ఒక్కటే కాదు సార్, పదకొండు ఆల్బమ్‌లు. వాటిల్లో వేటికీ నా సంతకం లేదు" అంది అక్క. "సాక్ష్యం కావాలంటే ఐదువేల మంది బయట కూర్చున్నారు. కోర్టుకి ఎప్పుడు పోదాం?"

చైర్మన్‌కు లెక్క అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. బయట జనం కాళ్ళతో నేల మీద దరువేస్తున్నారు. "మీకేం కావాలి?"

పిట్ట నోరు తెరవబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాని కాగితం దానికిచ్చెయ్యండి. ఎక్కడ కావాలంటే అక్కడ, ఏ గొంతుతో కావాలంటే ఆ గొంతుతో పాడుకుంటుంది. ఇప్పుడే రాసివ్వండి. నా సంగతి రేపు మాట్లాడుకుందాం, నాకు చొక్కాలున్నాయి."

కార్యక్రమం షీటు వెనక చైర్మన్ నాలుగు ముక్కలు గీకి సంతకం పెట్టాడు. పిట్ట దాన్ని అందుకుని, జీవితంలో రెండోసారి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది.

"ఇక్కడ 'బహిరంగంగా' అన్న మాట లేదు. రాయండి."

అతను పళ్ళు కొరుకుతూ రాశాడు. "పేరు మాత్రం ఇవ్వను. పిట్ట అన్న పేరు మాది. ఆ పేరుతో ఎక్కడైనా పోస్టరు కనపడితే చూడండి!"

"ఉంచుకోండి" అంది ఆమె. "ఏదైనా షాంపూకి పెట్టుకోండి."

ఇరవై ఏడేళ్ళ పేరును అక్కడే వదిలేసి ఆమె స్టేజి మీదికి నడిచింది. వెనక నుంచి బావ, "మరదలా, బ్యాండు లేదు, ట్రాకు లేదు, ఏం పాడతావే!" అంటున్నాడు.

జనం ఒకే మాట మీద లేరు. కొందరు ఈలలు వేస్తున్నారు, కొందరు తిడుతున్నారు. వెనక వరసల్లో చాలామంది లేచి తలుపుల వైపు పోతున్నారు. ముందు వరసలో ఒక నడివయసు మనిషి, "పాత పాట పాడు!" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

"పాడను" అంది ఆమె మైకులో. "వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, నేను ఆగుతాను."

నిజంగానే ఆగింది. బరువైన తలుపులు ఒకదాని వెనక ఒకటి దభీమని పడుతుంటే, చేతులు కట్టుకుని, ఒక్కొక్క చప్పుడూ వింటూ నిలబడింది. సగానికి పైగా కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆఖరి తలుపు పడ్డాక, షెడ్డులో కట్టుకున్న ఎనిమిది పాటల్లో అన్నిటికంటే కష్టమైనదాన్ని ఎత్తుకుంది.

మూడో లైనులో, ఊరంతా నవ్విన పాత స్టేడియంలో లాగే, పై స్వరం దగ్గర గొంతు చీలింది. ఆమె ఆగలేదు, కిందికి దిగలేదు. ఆ చీలిక మీదే నిలబడి, ఊపిరి ఉన్నంతసేపు, ఆ స్వరాన్ని పట్టుకుంది.